నీళ్ళు లేకుండా కోసిన రాయి

లింగంపల్లి,
10 జూన్ 2025

నతానియేలూ,

నువ్వు దొంగవి. సొమ్ములెత్తుకుపోయే దొంగవి కాదు. మనిషి ఊపిరి ఎత్తుకుపోయి, పైగా ఆ మనిషెవరో నాకు తెలియదని చెప్పే దొంగవి. ఈ మాట ఫోనులోనే అనొచ్చు. కానీ నా మెసేజీలకి నువ్విచ్చిన జవాబులన్నీ తెల్లారేసరికి నువ్వే చెరిపేస్తున్నావు. అందుకని కాగితం, రిజిస్టర్డ్ పోస్టు. సంతకం పెట్టి తీసుకున్నాక దీన్ని చెరిపే మీట నీ దగ్గర ఉండదు.

నీకు తెలిసిన సంగతులే మళ్ళీ రాస్తాను. మొన్నటిదాకా అవి నీకు తెలుసనే అనుకున్నాను. నిన్న కార్మిక శాఖ ఆఫీసులో నీ లాయరు లేచి, "రాబిన్ అనే వ్యక్తి మా క్లయింటు దగ్గర ఏనాడూ పనిచెయ్యలేదండీ" అన్నాక, నీకేం తెలుసో ఏం తెలియదో నాకు అంతుపట్టడం లేదు.

రాబిన్ నా తోడబుట్టిన తమ్ముడు. నీకు పెద్దమ్మ కొడుకు. ముప్ఫై మూడేళ్ళు. 2018 నవంబరులో చీమకుర్తి నుంచి నువ్వే తీసుకొచ్చావు. "క్వారీ ఎండలో ఏం మాడతాడక్కా, నా దగ్గరైతే నీడపట్టున పని" అన్నావు. తెల్లాపూర్ దగ్గర నీ బేతేలు సర్ఫేసెస్ షెడ్డులో ఆరేళ్ళకి పైగా రాయి కోశాడు. రాయంటే కొండరాయి కాదు. రాతిని పిండి చేసి, జిగురు కలిపి, అచ్చులో నొక్కి, పైన పాలరాతి చారలు తెప్పించిన పలక. పాలరాయిలా మెరుస్తుంది, పాలరాయిలా పసుపు మరక పట్టదు. అందుకే గచ్చిబౌలి ఫ్లాట్ల వంటగట్లూ, కంపెనీ టవర్ల రిసెప్షన్లూ ఇప్పుడు దాంతోనే. దాంట్లో నూటికి తొంభై పాళ్ళు సిలికా. బ్లేడు పెడితే ఆ పిండి మళ్ళీ పిండిగా లేస్తుంది. నీళ్ళు వదులుతూ కోస్తే బురదై కిందికి కారిపోతుంది. నీళ్ళు లేకుండా కోస్తే గాలిలో నిలబడి, కోసేవాడి ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడ గట్టిపడుతుంది.

రాబిన్ నీళ్ళు లేకుండా కోశాడు. షెడ్డులో అలాగే కోశాడు, ఫ్లాట్లలో తలుపులు మూసుకుని అలాగే కోశాడు. మార్చిలో స్కాన్ చూసిన డాక్టరు, "ఇది టీబీ కాదు. రాతిపొడి జబ్బు, సిలికోసిస్. తగ్గేది కాదు, ముదరకుండా చూసుకోవడమే" అన్నాడు. అప్పటికి వాడు ఎనిమిది నెలలుగా టీబీ మందులు మింగుతున్నాడు. ఆ టీబీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందెవరు? నువ్వు. బిల్లు కట్టిందెవరు? నువ్వు. ఆ రోజు నిన్ను దేవుడిలా చూశాం.

నిన్న నీ లాయరు చూపించిన కాగితం సంగతి. గేటెడ్ కమ్యూనిటీల్లో పని చెయ్యాలంటే గేటు దగ్గర పాస్ కావాలి. పనివాళ్ళకైతే రోజూ కొత్త పాస్, గంటసేపు నిలబెడతారు. వెండరుకైతే ఏడాదికి ఒకే పాస్. అందుకని కోతపనివాళ్ళందరి చేతా 'వెండర్' ఫారం పెట్టించావు. అందులో రాబిన్ 'స్వతంత్ర కాంట్రాక్టరు'. గేటు తెరుచుకోవడానికి వాడు పెట్టిన సంతకాన్ని ఇవాళ వాడి మొహాన గేటు వెయ్యడానికి వాడుకుంటున్నావు.

ఒక్క కాగితం అడుగుతున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా రాబిన్ నా దగ్గర రాయి కోశాడు అని, నీ లెటర్‌హెడ్ మీద. వాడి నష్టపరిహారం కేసు ఆగస్టు 18న మళ్ళీ వాయిదా. ఆ కాగితం లేకపోతే వాడిది పనిలో వచ్చిన జబ్బు కాకుండా పోతుంది. వాడి సొంత జబ్బు అయిపోతుంది. వాడికి వైద్యం ఉండదు, వాడి భార్య జెస్సికాకి రేపటికి ఆధారం ఉండదు.

నీ అక్క అని రాయడానికి చెయ్యి రాక,
కృపమ్మ


రాయదుర్గం,
16 జూన్

కృపక్కకి నీ తమ్ముడు నతానియేలు వందనాలు.

నీ ఉత్తరం షోరూంలో అందరి ముందూ సంతకం పెట్టి తీసుకున్నానక్కా. ఎదురుగా కస్టమర్లున్నారు. మొదటి మాట చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికెళ్ళి మిగతాది చదువుతుంటే స్వప్న "ఏంటండీ, మొహం అలా అయిపోయింది" అంది. కట్టుకున్నదానికి ఏమని చెప్పను, మా అక్క నన్ను దొంగన్నదనా?

చిన్నప్పుడు సండేస్కూలుకి నా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళినదానివి. నువ్వు ఎంత మాటన్నా పడతాను. ఉత్తరాలు రాయొద్దని లాయరు చెప్పాడు. అక్కకి రాయడానికి లాయరు పర్మిషనేంటి?

నీకు ఉద్యమాలు తెలుసు, వ్యాపారం తెలియదు. ఫ్లాట్ల అసోసియేషన్ వాళ్ళు ఏమంటారో తెలుసా? "నీళ్ళు పోస్తే కింది ఫ్లాట్ సీలింగులోకి దిగుతాయి, కుదరదు. దుమ్ము కారిడార్లోకి రాకూడదు, తలుపులు వేసుకోండి. పదింటికి మొదలెట్టి అయిదింటికి ముగించండి." నీళ్ళొద్దు, దుమ్మొద్దు, చప్పుడొద్దు. రాయి మాత్రం సింకు అంచున వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. నేను కాదంటే పక్క షెడ్డువాడు చేస్తాడు. అందరికీ మాస్కులు కొనిచ్చాను. ఉక్కపోస్తోందని వీళ్ళే మెడలోకి లాక్కుంటారు. ఇంకేం చెయ్యమంటావు?

ఆ ఫారం అన్నావు. దాని మీద చేతిరాత ఎవరిదో చూశావా? రాబిన్‌కి ఇంగ్లీషు రాదని నీ దగ్గరికి పంపాను. నింపింది నువ్వు. టిక్కు పెట్టింది నువ్వు. టీచరమ్మ నింపిన ఫారం తప్పని నేనెలా అనను?

ఇంకొకటి, చెప్పకూడదనే అనుకున్నాను. నీ ఇంట్లో తెల్లటి వంటగట్టుంది. నీ గృహప్రతిష్ఠకి నేనిచ్చిందే. దాన్ని రాబిన్ నీ వంటింట్లోనే కోశాడు. "నీళ్ళు పోయకురా, కింది ఫ్లాటాయన గొడవకొస్తాడు" అన్నదెవరు? నేను ఆ రోజు హాల్లోనే ఉన్నానక్కా. నేను దొంగనైతే ఆ దొంగసొత్తు మీదే కదా నువ్వు రోజూ కూరలు తరుగుతున్నావు.

కాగితం ఇవ్వలేను. ఒకడికిస్తే పన్నెండుమందీ అడుగుతారు. ఇక్కడ ఒక టవర్లో నాలుగంతస్తుల లాబీ పని చేతికొచ్చింది. కార్మికుల కేసులేమైనా ఉన్నాయా అని ఆ కంపెనీవాళ్ళు ఫారంలో అడిగారు. లేవని రాసిచ్చాను. ఇప్పుడు మాట మార్చలేను.

రాబిన్‌కి కాస్త నెమ్మదించాక షోరూంలో కుర్చీ వేయిస్తాను. ఏసీ ఉంటుంది, దుమ్ముండదు. మందుల సంగతి నాకొదిలెయ్. ఆ కేసు ఒక్కటీ వెనక్కి తీసుకోమను. టీబీ తగ్గిపోయే జబ్బే కదా.

నీ తమ్ముడు,
నతానియేలు


లింగంపల్లి,
24 జూన్

నతానియేలూ,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. అందులో రెండు నిజాలున్నాయి. వాటిని మింగడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మొదటిది నా వంటగట్టు. అవును, వాణ్ణి వంటింట్లో పెట్టి తలుపేసింది నేనే. కొత్త సోఫాల మీద దుమ్ము పడుతుందని తలుపు కింద సందులో తడిబట్ట కుక్కింది కూడా నేనే. ఇది నువ్వు చూసుండవు, రాసుకో. పలక పేరు కలకత్తా అన్నాడు వాడు. "కలకత్తా నుంచి వచ్చిందట్రా?" అన్నాను. "కాదక్కా, ఇటలీ రాయి పేరంట. ఇటలీ నుంచి కూడా రాలేదులే, పటాన్‌చెరు గోదాం నుంచి ట్రాలీ ఆటోలో వచ్చింది" అని నవ్వి, మిషను పట్టుకుని లోపలికెళ్ళాడు. సాయంత్రం తలుపు తీస్తే కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. "ఏరా, క్రిస్మస్ తాతలా ఉన్నావు" అన్నాను. వాడు నవ్వబోయి దగ్గాడు. నేను ఫోటో తీశాను.

ఇరవై ఏళ్ళుగా కూలీల హక్కుల మీద కరపత్రాలు రాస్తున్నదాన్ని. ఎనిమిదో తరగతికి కార్మిక చట్టాల పాఠం చెప్పేదాన్ని. నా తమ్ముడు పొడిలో మునిగి బయటికొస్తే నాకు నవ్వొచ్చింది. ఊరందరి పనివాళ్ళనీ చూసిన కళ్ళకి నా వంటింట్లో పనివాడు కనబడలేదు, తమ్ముడే కనబడ్డాడు. తమ్ముడైతే ఉచితంగా చేస్తాడు, తమ్ముడైతే సర్దుకుపోతాడు. ఈ మాట 18న ఆఫీసులో చెప్తాను. ఆ ఫోటో కూడా ఇస్తాను. నా ఇంట్లోనే నీళ్ళు లేకుండా కోశాడు, కోయించింది నేనే, రాయి తెచ్చిచ్చింది బేతేలు సర్ఫేసెస్, పక్కనుండి చూసింది దాని యజమాని. హాల్లోనే ఉన్నానని నువ్వే రాశావు కదా, సంతోషం.

రెండోది ఫారం. చేతిరాత నాదే. కానీ సగమే చెప్పావు. 'స్వతంత్ర కాంట్రాక్టరు' అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది. నీకు ఫోను చేశాను. "ఇదేంట్రా, వీడు కాంట్రాక్టరేంటి?" అన్నాను. "అబ్బా, గేటు యాపు కోసమక్కా. లోకాన్నంతా అనుమానించి అనుమానించి ఇక నన్ను కూడానా?" అన్నావు. సిగ్గుపడి టిక్కు పెట్టాను. ముక్కూమొహం తెలియనివాడు చెప్తే పెట్టేదాన్ని కాదు. మోసం చెయ్యాలంటే ముందు నమ్మకం కావాలి. ఆ పెట్టుబడి మేం పెట్టాం, లాభం నువ్వు తీసుకున్నావు.

నా తప్పు ఒప్పుకున్నాను. అయితే నా తప్పు నీ తప్పుకి మాఫీ కాదు. అసోసియేషన్ నీళ్ళొద్దంది, అక్క తలుపేసింది, పక్క షెడ్డువాడు పొంచి ఉన్నాడు, అందుకని నువ్వేం చేస్తావు పాపం. ఇదేగా నీ వాదన? ఈ ఊళ్ళో అందరూ ఇదే అంటారు. రాయదుర్గం మెట్రో దిగి టవర్లలోకి నడిచేవాళ్ళలో ఒక్కరు రిసెప్షన్ గట్టు మీద మోచెయ్యి ఆనిస్తూ ఇది ఎవరు కోశారని అడగరు. ఆర్కిటెక్టు మెరుపు అడుగుతాడు, కంపెనీ తేదీ అడుగుతుంది, మధ్యతరగతి అమ్మగారు మరక పట్టదు కదా అని అడుగుతుంది. ఎవరి ప్రశ్న వాళ్ళది. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, ఊపిరాడని మనిషికి మాత్రం నువ్వెవరో నాకు తెలియదని చెప్పావు. అది ఏ అసోసియేషనూ నీ చేత చెప్పించలేదు.

ఆదివారం వీరేశం వచ్చాడు. నీ షెడ్డులో రాబిన్ పక్కన నాలుగేళ్ళుగా పనిచేస్తున్న తెల్లాపూర్ మనిషి. "ఏంది రాబిన్, గిట్లయినవ్?" అంటూ మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"షెడ్డులో నీళ్ళతో కోసే మిషను ఉందన్నారు కదన్నా?" అంది జెస్సికా.

"ఉన్నది చెల్లె. పెండ్లిపిల్ల లెక్క పరద కప్పుకోని ఉన్నది. ఆర్కిటెక్టు సార్లు వస్తున్నరంటే పరద తీస్తం, నీళ్ళు ఇడుస్తం, రెండు పలకలు కోసి సూపెడ్తం. ఆళ్ళ కారు మలుపు తిరగంగనే బంద్. నీళ్ళతోని దినానికి ఆరు తెగుతయి, పొడిగ కోస్తె పది తెగుతయి. గదీ లెక్క."

"ఆ మాట ఆఫీసులో చెప్తారా?"

"జర ఆగు చెల్లె. పని పోతె ఇంటి కిరాయి ఎవరు కడ్తరు?" అని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ దగ్గాడు. రాబిన్ దగ్గు లాంటిదే, పొడిది. మేం ముగ్గురం విన్నాం.

షోరూంలో కుర్చీ వేయిస్తానన్నావు. మంచం నుంచి బాత్రూం దాకా వెళ్ళడానికి వాడు మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని ఆగుతున్నాడు. నీ కుర్చీ దాకా ఎవరు మోస్తారు?

కాగితం కోసం చూస్తున్నాను.

కృపమ్మ


బేతేలు సర్ఫేసెస్,
రాయదుర్గం,
5 జూలై

గౌరవనీయులైన శ్రీమతి కృపమ్మ గారికి,

తేదీలు 10-06-2025, 24-06-2025 గల మీ లేఖలలోని ఆరోపణలను మా సంస్థ పూర్తిగా ఖండించుచున్నది. శ్రీ రాబిన్ మా సంస్థ ఉద్యోగి కారు. స్వతంత్ర కాంట్రాక్టరుగా స్వంత పూచీపై పనులు నిర్వహించియున్నారు. వారి అనారోగ్యము క్షయవ్యాధికి సంబంధించినదని మా వద్దనున్న వైద్య పత్రములు తెలియజేయుచున్నవి. మా షెడ్డునందు నీటితో కోయు యంత్రము సదా వినియోగములో ఉన్నది. తదుపరి ఇట్టి లేఖలు పంపినచో చట్టరీత్యా చర్యలు తీసుకొనబడును.

అధీకృత సంతకందారు


లింగంపల్లి,
12 జూలై

అధీకృత సంతకందారు గారికి,

తమరెవరో నాకు తెలియదు. ఈ కాగితం మా నతానియేలుకి అందజేయగలరు. వాడు 'సదా' అనే మాట ప్రార్థనలో తప్ప వాడగా నేను వినలేదు. ఇప్పుడు వ్యాపారంలోకి కూడా వచ్చినట్టుంది.

నతానియేలూ, నువ్వు నిందవేసిన అసోసియేషన్ల సంగతి నేనూ చూశాను. పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి, రాయి కోసేటప్పుడు నీళ్ళు వాడకూడదన్న రూలు తీసెయ్యమన్నాను. మా సెక్రటరీ బుల్లిబాబు గారు చల్లగా, "మీ గట్టు అయిపోయింది కాబట్టి మాట్లాడుతున్నారు టీచర్ గారూ. మా ఆవిడకి ఇంకా అవలేదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చోలేదు. ఆ ఫోటో ఫోనులో తీసి చేతికిచ్చాను. "ఎవరండీ ఈయన, పిండిమిల్లులో పనా?" అన్నారొకరు. "నా తమ్ముడు. ఇది నా వంటిల్లు" అన్నాను. చేతులెత్తమంటే తొమ్మిది లేచాయి, పదిహేను లేవలేదు. ఓడిపోయాను. వచ్చే నెల మళ్ళీ అడుగుతాను. నువ్వు అడగడం అన్నది ఎన్నడైనా చేశావా?

బుధవారం రాబిన్‌ని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ "ఏం పని చేస్తావు బాబూ?" అంది. "రాయి కోస్తానమ్మా." "ఎవరి దగ్గర?" "మా అన్న దగ్గర." అంతే, అంతకు మించి మాట్లాడలేకపోయాడు. ఆమె రాసుకుంది.

చట్టరీత్యా చర్యలు తీసుకో. నేను కూడా అందుకే తిరుగుతున్నాను.

కృపమ్మ


ఇంటి నుంచి,
27 జూలై

అక్కా,

ఆ టైపు ఉత్తరం నేను రాయలేదు. సంతకం మాత్రం పెట్టాను. చదవకుండా పెట్టానంటే నమ్మవు. చదివే పెట్టాను.

గురువారం ఆసుపత్రికొచ్చాను. నువ్వు బడిలో ఉండే టైము చూసుకుని వచ్చాను. వార్డు తలుపు దాకా వచ్చి ఆగిపోయాను. రాబిన్ ఒళ్ళో రెండు దిండ్లు పెట్టుకుని వాటి మీదికి వాలి కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరందదు కాబోలు. జెస్సికా వీపు రాస్తోంది. లోపలికి అడుగు పడలేదు. తెచ్చిన బత్తాయిలు పక్క మంచం ముసలామెకిచ్చి వచ్చేశాను.

ఎందుకు రాలేకపోయానో నీకొక్కదానికే చెప్తున్నాను. స్వప్నకి కూడా తెలియదు. నాక్కూడా ఉందక్కా. 2023 సెప్టెంబరులో మెట్లెక్కితే ఆయాసం వస్తోందని స్కాన్ తీయించుకున్నాను. రెండు వైపులా పైభాగంలో సన్న సన్న మచ్చలు. నా పనేంటో అడిగి తెలుసుకుని డాక్టరు, "రేపట్నుంచి ఆ షెడ్డులో అడుగు పెట్టకు. ఇప్పుడు మానేస్తే ఇంతటితో ఆగొచ్చు" అన్నాడు. పిల్లలు చిన్నవాళ్ళు. అందుకే షోరూం పెట్టాను. నా టేబులు అక్కడికి మార్చేసుకున్నాను. షోకు కోసం పెట్టానని మీరంతా అనుకున్నారు.

నేనూ పదేళ్ళు నా చేత్తో కోసినవాణ్ణే కదా. నేనూ మీలాంటి బాధితుణ్ణే. రాబిన్‌ని చూస్తే రేపు నేనే ఆ మంచం మీద ఉన్నట్టు కనబడింది. నన్ను మోసగాడిలా చూడకు, రోగిలా చూడు. నా కోసం ప్రార్థన చెయ్యి.

ఈ సంగతి బయటికి పొక్కితే లాబీ పని పోతుంది, బ్యాంకువాడు మీదికొస్తాడు, మొత్తం కూలిపోతుంది. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్. అక్కవని నమ్మి రాస్తున్నాను.

నతానియేలు


లింగంపల్లి,
4 ఆగస్టు

నతానియేలూ,

కాల్చలేదు.

మొదటిసారి చదివినప్పుడు ఏడ్చాను. నీ కోసమే ఏడ్చాను. స్కాన్ కాగితం చేతిలో పట్టుకుని, పెళ్ళానికి చెప్పుకోలేక, ఆ ఆసుపత్రి మెట్ల మీద ఒంటరిగా ఎలా దిగావో అనుకున్నాను. పొయ్యి దాకా కూడా వెళ్ళాను. అక్కడ నిలబడి రెండోసారి చదివాను. అప్పుడు తేదీ కనబడింది.

2023 సెప్టెంబరు.

అక్టోబరు మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక మీ ఇంట్లో భోజనాలు. రాబిన్ భుజం మీద చెయ్యేసి, "రేపట్నుంచి షెడ్డుకి వీడే మేస్త్రి. నా కుర్చీ వీడిది" అన్నావు. అందరం చప్పట్లు కొట్టాం. జెస్సికా కేకు కోసింది. అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో అని నేనే అన్నాను. "నీ రుణం ఎట్లా తీర్చుకోనన్నా" అని వాడు నీ రెండు చేతులూ పట్టుకున్నాడు. నువ్వు వాడి వీపు తట్టావు.

అప్పటికి నీకు తెలుసు. ఆ దుమ్ములో కూర్చుంటే ఏమవుతుందో, ఏ డాక్టరు నోటితో విన్నావో, ఏ రోజు విన్నావో, అన్నీ తెలుసు. నువ్వు లేచిన చోట వాణ్ణి కూర్చోబెట్టావు.

ఇన్నాళ్ళూ నీది అజ్ఞానం అనుకున్నాను. తరవాత దురాశ అనుకున్నాను, పిరికితనం అనుకున్నాను. వాటన్నిటితో వాదించొచ్చు, వాదించాను కూడా. దీనితో ఏమని వాదించను? ఏడాది తిరక్కుండా వాడికి దగ్గు పట్టుకుంటే ఊరంతా దాటించి టీబీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు. నీ స్కాన్ చూసిన డాక్టరు దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదు? ఆ దారి నీకు తెలుసు కదా. ఆ ఎనిమిది నెలలూ టీబీ మాత్రలకి వాడి మూత్రం ఎర్రగా వస్తుంటే భయపడ్డాడు. "మందు పనిచేస్తోందిలే" అని ధైర్యం చెప్పినవాడివి నువ్వు. అప్పుడు కూడా వాడు షెడ్డుకి వస్తూనే ఉన్నాడు.

బాధితుణ్ణన్నావు. కాదనను. ఆ మచ్చలు నీవే, ఆ భయం నీదే. నీకు పలకలు అమ్మిన కంపెనీవాడు, నీ చేత లాబీలు కట్టించుకునేవాడు నీ ఊపిరి గురించి ఒక్క పూట ఆలోచించలేదు. వాళ్ళ దగ్గరికీ వస్తాను, వాళ్ళనీ వదలను. కానీ దెబ్బ తిన్నవాళ్ళలో రెండు రకాలుంటారు. ఇక్కడ గొయ్యి ఉంది, ఇటు రాకండి అని అరిచేవాడొకడు. ఆ గొయ్యి మీద చాప పరిచి తమ్ముణ్ణి కూర్చోమనేవాడొకడు. రెండోవాడు వచ్చి నాకూ దెబ్బ తగిలిందంటే వాడి గాయానికి కట్టు కడతాను. క్షమాపణ పత్రం మాత్రం రాసివ్వను.

నీ ఉత్తరం రాబిన్‌కి చదివి వినిపించాను. వద్దని జెస్సికా నా చెయ్యి పట్టుకుంది. "వాడి ఊపిరితిత్తుల సంగతి వాడికి తెలియకుండా దాచడం ఇప్పటికే ఒకళ్ళు చేశారమ్మా" అన్నాను. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. మాస్కు పక్కకి జరిపి, మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి అడిగాడు.

"అన్నకి... తెలిసి కూడా... నన్నెందుకు... కూర్చోబెట్టాడక్కా?"

తిట్టలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "ఎవరి గురించమ్మా?" అంది పక్క మంచం ముసలామె. "మీకు బత్తాయిలిచ్చి పోయినాయన గురించి" అంది జెస్సికా.

అక్కవని నమ్మి రాశానన్నావు. తమ్ముడివని నమ్మి నేనూ టిక్కు పెట్టాను. నమ్మకం ఎంత విలువైనదో ఇప్పుడు నాకు పాఠం చెప్పకు. నీ ఉత్తరానికి మూడు నకళ్ళు తీయించాను. ఒకటి డాక్టరమ్మ దగ్గరుంది. 18న ఆ మాట నువ్వే నీ నోటితో చెప్తే మంచిది. చెప్పకపోతే నీ చేతిరాత చెప్తుంది. అక్క ఇలా చేస్తుందా అని నువ్వు బంధువులందరికీ చెప్పుకో. చేస్తుంది.

నిన్న వీరేశం ఆసుపత్రికొచ్చాడు. చేతిలో పెద్ద కవరు. "నేను గూడ స్కాన్ తీపిచ్చుకున్న అక్క. నాకూ పట్టింది. ఆఫీసుకు వస్త, అన్నీ చెప్త. ఇగ కిరాయికి ఫికర్ చేసి ఏం లాభం, ఇంట్ల ఉండెటోడు ఉంటె గద కిరాయి" అన్నాడు. ఇంకో ఇద్దరిని కూడా తెస్తానన్నాడు.

ఇంతవరకూ అడిగాను. ఇక అడగను. ఇవి డిమాండ్లు.

1. రాబిన్ 2018 నవంబరు నుంచి 2025 మార్చి దాకా నీ దగ్గర రాయి కోశాడని నీ లెటర్‌హెడ్ మీద, నీ చేతిరాతతో రాయాలి. 18న నువ్వే తెచ్చి ఇవ్వాలి. లాయరుతో పంపకూడదు.

2. వెండర్ ఫారాలన్నీ వెనక్కి తీసుకోవాలి. పన్నెండుమంది కోతపనివాళ్ళనీ పనివాళ్ళుగానే రిజిస్టరులో రాయాలి.

3. ఈ నెలలోనే వాళ్ళందరికీ ఛాతీ స్కాన్ చేయించాలి. రిపోర్టులు వాళ్ళ చేతికే ఇవ్వాలి.

4. షెడ్డులో గాని, ఫ్లాట్లలో గాని నీళ్ళు లేకుండా ఒక్క పలక కొయ్యకూడదు. నీళ్ళొద్దన్న ఇంట్లో పని ఒప్పుకోకూడదు. ఆ ఇల్లు నాదైనా సరే.

5. కేసుల్లేవని లాబీ కంపెనీకి రాసిచ్చింది అబద్ధమని వాళ్ళకి తెలియజెయ్యాలి.

6. నీ జబ్బు సంగతి స్వప్నకి చెప్పాలి. మళ్ళీ స్కాన్ తీయించుకుని వైద్యం చేయించుకోవాలి.

7. వార్డుకి రావాలి. నేను ఉన్నప్పుడే రావాలి. రాబిన్ అడిగినదానికి వాడి మొహం చూస్తూ జవాబు చెప్పాలి.

కృపమ్మ